విడదీసే అధికారానికి జవాబుదారీ ఏది?

తల్లిదండ్రుల నుంచి బిడ్డను వేరుచేయడం రాజ్యం చేతిలోని అత్యంత తీవ్రమైన అధికారాల్లో ఒకటి. నిందితుడిని జైలుకు పంపాలంటే సాక్ష్యం, వకీలు, బహిరంగ విచారణ కావాలి. తల్లి నుంచి బిడ్డను దూరం చేసేటప్పుడు మాత్రం ఆ స్థాయి రక్షణలు కనిపించవు. ఆ లోటు ఎవరిపై పడుతుందన్నది కులప్రశ్న.

తెలుగు నేలకు ఈ ప్రశ్న కొత్త కాదు. 1999లోనూ, 2001లోనూ లంబాడా తండాల శిశువులను దత్తత పేరిట అమ్ముతున్నారన్న ఆరోపణలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను కుదిపేశాయి. పేదరికం కారణంగా బిడ్డలను దత్తత సంస్థలకు అప్పగించడాన్ని 2001లో ప్రభుత్వం నిషేధించింది. దళారులపై చర్య అవసరమే. కానీ ఆ కుటుంబాలను ఆ దుస్థితికి నెట్టిన భూమిలేనితనం, వలస, కట్నాల భయం చర్చలో వెనుకబడ్డాయి.

2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం, సంస్థలలో ఉంచడం చివరి మార్గమే కావాలన్నది. అదే చట్టం, నివాసమూ జీవనాధారమూ కానరాని బాలలను ‘సంరక్షణ అవసరమైనవారు’గా నిర్వచించింది. గూడూ భూమీ లేనివారెవరు? ప్రధానంగా దళితులు, ఆదివాసీలు, సంచార జాతులు. చట్టం కులం పేరెత్తదు. ఎత్తవలసిన అవసరమూ లేదు, లేమి ఆ పని చేసిపెడుతుంది.

గడువులను చూడండి. అప్పగించిన తల్లిదండ్రులు పునరాలోచించుకోవడానికి రెండు నెలలు. రెండేళ్లలోపు శిశువు విడిచిపెట్టబడినట్టు తేలితే, దత్తతకు అర్హతను ప్రకటించడానికి కూడా రెండు నెలలే. తల్లిదండ్రుల కోసం ప్రకటనలు వార్తాపత్రికల్లో వెలువడతాయి. ఇటుకబట్టీకి వలస వెళ్లిన నిరక్షరాస్య తల్లికి అవి చేరేదెలా?

ఎస్సీ, ఎస్టీలకూ మహిళలకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కును 1987 నాటి న్యాయసేవల చట్టం ఇచ్చింది. కానీ బాలల సంక్షేమ సమితి ముందు ఆమె తరఫున వకీలు ఉండి తీరాలన్న నిబంధన లేదు. అప్పీలుకు ముప్పై రోజులే. 2021 సవరణ దత్తత ఉత్తర్వుల అధికారాన్ని కోర్టు నుంచి జిల్లా మేజిస్ట్రేట్‌కు బదలాయించింది. సమితిపై ఫిర్యాదులు వినేదీ ఆయనే. అంటే యంత్రాంగం తన తప్పును తానే విచారించుకోవాలి.

హింసాత్మకమైన ఇళ్లు నిజంగానే ఉన్నాయి. ఆ పిల్లలను వెంటనే కాపాడవలసిందే. అత్యవసర స్థితిలో వేగం కావాలి, ఆ తరువాత కఠిన సమీక్ష కావాలి. ఈ రెండూ పరస్పర విరుద్ధం కావు. పేదరికం ఒక్కటే బిడ్డను తొలగించడానికి కారణం కారాదని 2009 నాటి ఐక్యరాజ్యసమితి మార్గదర్శకాలు స్పష్టం చేశాయి. అమెరికాలో మూలవాసుల పిల్లలు భారీగా కుటుంబాలకు దూరమైన చేదు అనుభవం తరువాత 1978లో ప్రత్యేక చట్టం వచ్చింది. స్తోమత లేని తల్లిదండ్రులకు కోర్టు నియమించే వకీలును అది హక్కుగా చేసింది. 2023లో ఆ దేశ సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది.

మనకూ ఆ దారే శరణ్యం. ప్రతి ఉత్తర్వుకూ తల్లికి అర్థమయ్యే భాషలో రాతపూర్వక కారణాలుండాలి. ఆమెకు వకీలును ఏర్పాటు చేయడం సమితి బాధ్యత కావాలి. పేర్లు బయటపెట్టకుండా, విడదీసిన పిల్లల వివరాలను కులాలవారీగా ఏటా ప్రకటించాలి. మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్ సాయం నెలకు 4,000 రూపాయలు. బిడ్డను తీసుకునే ముందు ఆ సాయాన్ని ఆ కుటుంబానికి అందించజూశారా లేదా అన్నది ఫైలులో నమోదు కావాలి. జవాబుదారీతనం అక్కడే మొదలవుతుంది.