పత్రమడుగని నాటికి పత్రము కోరుట

పొరుగుదేశమునకు పోవువాడు పాసుపోర్టును, వీసాను చూపవలెననుట నేడు లోకాచారమైనది. పొలిమేరను కాచుకొను హక్కు ప్రతిజాతికిని గలదు గనుక ఆ యాచారమును మేము నిందింపము. కాని బర్మాయందలి తెలుగు సంతతివారి విషయమున నది న్యాయమును మించిపోవుచున్నదని మా యభిప్రాయము.

1937 ఏప్రిలు 1వ తేదీవరకు బర్మా, హిందూదేశ పరిపాలనలో నొక రాష్ట్రముగా నుండెను. గంజాము, విశాఖపట్టణము, గోదావరి మండలముల కూలిజనము మేస్త్రీలవెంట డెక్కు టిక్కెట్టుతో నోడనెక్కి, రంగూను రేవునను, బియ్యపు మిల్లులయందును చెమటోడ్చిరి. పరదేశమునకు పోవుచున్నామను తలంపే వారికి లేదు. కోరంగి రేవు పేరుమీదనే తెలుగువారికి బర్మాలో 'కోరంగీలు' అను పేరు నిలిచెను.

1942లో జపానుసేనలు రాగా లక్షలాది భారతీయులు తిరిగివచ్చిరి. అనేకులు కాలినడకను కొండలు, అడవులు దాటిరి. 1962లో నధికారమునకు వచ్చిన సైనిక ప్రభుత్వము వర్తకమును జాతీయము చేయగా మరికొందరు వచ్చిరి. విశాఖపట్టణమునందలి బర్మాక్యాంపు పేరు నేటికిని ఆ రాకను తెలుపుచున్నది. అయినను రాలేక యచటనే మిగిలినవారు గలరు.

వారి మనుమలు, మునిమనుమలు నేడు రెండుచోట్లను పత్రములేనివారగుచున్నారు. 1982 నాటి బర్మా పౌరసత్వ శాసనము, 1823కు పూర్వమే స్థిరపడిన జాతులకు పుట్టుకచేతనే పౌరసత్వము నొసగినది. అంతకుముందు దరఖాస్తు పెట్టుకొననివారు, తామో తమ పూర్వులో 1948 జనవరి 4కు ముందే వచ్చినట్లు తిరుగులేని సాక్ష్యము చూపవలెను. మన ప్రభుత్వము భారతసంతతివారికి 'ఓసీఐ' కార్డు నిచ్చుచున్నది. దానిచే వీసా లేకయే జీవితాంతము రాకపోకలు సాగును. 2015 సవరణచే మునిమనుమలకును అది వర్తించును. కాని పూర్వుడు హిందూదేశీయుడని పత్రముతో నిరూపింపవలెను. విదేశపు పాసుపోర్టును గలిగియుండవలెను.

ముత్తాత నోడనెక్కునాడు పాసుపోర్టు నడిగినవారు లేరు. నాడడుగని పత్రమును నేడు మునిమనుమని తెమ్మనుట యే ధర్మము?

కట్టుబాటు సడలించిన దేశమునకు ముప్పని కొంద రనవచ్చును. 1950 జూలై 31వ తేదీన మనకు నేపాళముతో నొడంబడిక జరిగెను. నేపాళీయులు భూమార్గమున పాసుపోర్టు, వీసాలు లేకయే వచ్చిపోవుచున్నారు. దానిచే మన దేశము కూలిపోలేదు. మేము బర్మాకు నంతటి ద్వారమును తెరువుమనుటలేదు. మేము కోరునది స్వల్పము. భూమి దస్తావేజులను, పాఠశాలల రిజిష్టరులను, ఇచటి బంధువుల ప్రమాణ వాఙ్మూలములను సాక్ష్యముగా నంగీకరింపవలెను. శ్రీకాకుళము మొదలు గోదావరివరకు గల పాత దస్త్రములను వెదకించు భారమును ఆంధ్ర ప్రభుత్వము వహింపవలెను. రంగూనునందలి మన రాయబార కార్యాలయమున తెలుగెరిగిన యుద్యోగి విచారణ జరుపవలెను. పాసుపోర్టులేని వృద్ధులకు, చావుకును పెండ్లికిని వచ్చిపోవుటకైన ప్రత్యేకానుమతి నీయవలెను.

పరప్రభుత్వము వారి చెమటను మాత్రమే లెక్కించెను. స్వతంత్రప్రభుత్వమైనను వారి చుట్టరికమును లెక్కింపకున్న, స్వరాజ్యము వారికి తెచ్చినదేమి?