సొంత జలాంతర్గామి... మందం ఒక్కటే రక్షించదు

అట్లాంటిక్ అడుగున ఉన్న టైటానిక్ శిథిలాల వద్దకు వెళ్తూ 2023 జూన్ 18న అయిదుగురి ప్రాణాలు బలిగొన్న ‘టైటాన్’ ప్రమాదంపై అమెరికా కోస్ట్‌గార్డ్ విచారణ మండలి 2025 ఆగస్టులో నివేదిక వెలువరించింది. అది నివారించదగిన ప్రమాదమేనని తేల్చింది. రూపకల్పన, ధ్రువీకరణ, నిర్వహణ, తనిఖీ... అన్నింటా ఓషన్‌గేట్ సంస్థ లోపాలను ఎత్తిచూపింది. ఆ దుర్ఘటన నాటి నుంచి సొంతంగా జలాంతర్గామి నిర్మించుకొనే వారందరినీ దుస్సాహసికుల జాబితాలో చేర్చడం పరిపాటిగా మారింది. వాస్తవం వేరు. ఇంటి వెనుక షెడ్డులో ఉక్కు రేకును వంచి అతికే ఔత్సాహికుడు బుద్ధిగా పాటించే సూత్రాలనే ఆ సంస్థ పక్కన పెట్టింది.

జలాంతర్గామికి ప్రాణాధారం పీడన కవచం. మనుషులు కూర్చునే గదిని చుట్టి ఉండే గోడ అది. విశాఖ రామకృష్ణా బీచ్‌లో 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉన్న ‘ఐఎన్ఎస్ కురుసుర’ను చూసినవారికి ఇది తేలికగా బోధపడుతుంది. బయటికి కనిపించే ఆకారం నీటిని చీల్చుకుపోవడానికి. సముద్రపు ఒత్తిడిని మోసేది దాని లోపలున్న మరో గుండ్రని ఉక్కు గొట్టం. సందర్శకులు తల వంచి దూరే ద్వారాలు సైతం గుండ్రంగా ఉండటం శోభ కోసం కాదు. మూలలున్న చోట ఒత్తిడి పోగుపడుతుంది.

డబ్బా ప్రయోగం

నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకు చదరపు సెంటీమీటరుపై దాదాపు ఒక కిలో చొప్పున పీడనం పెరుగుతుంది. తగరపు డబ్బాలో కొద్దిగా నీరు మరిగించి, మంట తీసి, మూత బిగించి, చన్నీళ్లు కుమ్మరిస్తే అది నలిగిపోవడం ఉన్నత పాఠశాల విద్యార్థులు ఎరిగినదే. ఆ డబ్బాను నలిపిన వాయుపీడనం 10 మీటర్ల నీటి ఒత్తిడికి మాత్రమే సమానం. 100 మీటర్ల లోతులో 60 సెంటీమీటర్ల వ్యాసం గల మూతపై పడే భారం 28 టన్నులు దాటుతుంది. సరకుతో నిండిన పది టైర్ల లారీని దానిపై నిలిపినట్లే!

ప్రెషర్ కుక్కర్‌కూ జలాంతర్గామికీ తేడా ఒకటుంది. కుక్కర్‌లో ఒత్తిడి లోపలి నుంచి వస్తుంది. సొట్ట ఉంటే బయటికి నెట్టి సరిచేయజూస్తుంది. నీటి ఒత్తిడి బయటి నుంచి వస్తుంది. చిన్న సొట్టనే పెద్దది చేస్తుంది.

పది మిల్లీమీటర్ల ఉక్కు... పాతిక మీటర్ల లోతు

మైల్డ్ స్టీలుతో చేసిన 1.2 మీటర్ల వ్యాసం, 10 మిల్లీమీటర్ల మందం గల గొట్టాన్ని తీసుకుందాం. లోహం బలాన్ని మాత్రమే లెక్కిస్తే అది 400 మీటర్ల లోతును తట్టుకోవాలి. కానీ ఎక్కడా ఆసరా లేని పొడవాటి గొట్టమైతే సుమారు 25 మీటర్ల వద్దే ముడుచుకుపోతుంది. లోహం తెగదు, ఆకారం తప్పుతుంది. కొత్తవారు బోల్తా పడేది ఈ లెక్క వద్దే. మందం రెట్టింపు చేస్తే ముడుచుకోకుండా నిలిచే శక్తి ఎనిమిది రెట్లవుతుందన్నది నిజమే. అయితే కవచం బరువు కూడా రెట్టింపై, తేలే శక్తిని హరిస్తుంది. అందుకే నిర్ణీత దూరాల్లో ఉక్కు వలయాలు వెల్డింగ్ చేస్తారు. పొడవాటి గొట్టం అప్పుడు పొట్టి గొట్టాల వరసగా మారి నిలబడుతుంది. పనితనానికి అసలు పరీక్ష మాత్రం ఆ తరవాతే. వెల్డింగ్ వేడికి రేకు లాగేసుకుని, వ్యాసం ఒకచోట కొద్ది మిల్లీమీటర్లు తేడా వచ్చినా లెక్కగట్టిన లోతులో కోత పడుతుంది. గోళాకారమైతే మరీ మేలు. అదే వ్యాసం, అదే మందం గల గొట్టంతో పోలిస్తే గోళం గోడపై ఒత్తిడి సగమే. చేయడం మాత్రం కష్టం.

అమెరికా నౌకాదళ విశ్రాంత అధికారి జార్జ్ కిట్రెడ్జ్ రూపొందించిన కె-250, కె-350 నమూనాలు ఔత్సాహికుల్లో ప్రసిద్ధం. పేరులోని అంకె అడుగుల్లో లోతును సూచిస్తుంది. 350 అడుగులంటే 107 మీటర్లు. ఉక్కు కవచం, పరిమిత లోతు, మనుషులు ఎక్కకముందే ఖాళీ వాహనాన్ని తాడుతో దించి పరీక్షించడం... అక్కడ ఆచారం ఇదే.

టైటాన్ దారి తప్పిన చోటు

టైటానిక్ ఉన్నది సుమారు 3,800 మీటర్ల లోతున. అక్కడ చదరపు సెంటీమీటరుపై పడే భారం 390 కిలోలు. అంత లోతుకు లోహపు గోళాలు వాడటం ఆనవాయితీ. ఎక్కువ మందిని ఎక్కించుకోవాలన్న ఆశతో ఓషన్‌గేట్ గొట్టం ఆకారాన్ని, కార్బన్ ఫైబర్‌ను ఎంచుకుంది. 127 మిల్లీమీటర్ల మందం చూసి ధైర్యపడింది. లాగితే తెగని ఆ పదార్థం నొక్కితే అంత నమ్మకమైనది కాదు. పొరల మధ్య లోపాలు ఉంటే ప్రతి మునకకూ నష్టం పోగుపడుతుంది. హోండురస్‌లోని రొయటాన్‌లో సొంతంగా కట్టిన ఉక్కు జలాంతర్గామిని నడిపే కార్ల్ స్టాన్లీ 2019 ఏప్రిల్‌లో టైటాన్‌లో ప్రయాణించి, చిటపట శబ్దాలు విని, సంస్థ అధినేత స్టాక్టన్ రష్‌ను లిఖితపూర్వకంగా హెచ్చరించారు. స్టాన్లీ వాహనానికీ ధ్రువపత్రం లేదన్నది గమనార్హం. కాగితం లేకున్నా కవచం మాట వినడం ఆయనకు తెలుసు. ఆ తొలి కవచంలో పగులు బయటపడటంతో దాన్ని మార్చక తప్పలేదు. రెండో కవచం 2022 జులైలో పైకి వస్తూ పెద్ద శబ్దం చేసింది. కొలత పరికరాలు సైతం మార్పును నమోదు చేశాయి. ఆ శీతకాలం దాన్ని కెనడాలో ఆరుబయటే వదిలేసి, మరుసటి ఏడాది మళ్లీ నీటిలోకి దించారు.

మన దేశంలో 6,000 మీటర్ల లోతు లక్ష్యంగా చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ చేపట్టిన ‘మత్స్య-6000’ ఇందుకు భిన్నమైన దారి పట్టింది. ముగ్గురు కూర్చునే దాని టైటానియం గోళం వ్యాసం 2.1 మీటర్లు, మందం 80 మిల్లీమీటర్లు. అంతకంటే ముందు 2021లో మనుషులు లేని ఉక్కు గోళాన్ని బంగాళాఖాతంలో 600 మీటర్ల వరకు దించి చూశారు. ఈ నిదానాన్ని జాప్యమని విమర్శించేవారు టైటాన్ నివేదికను ఒకసారి చదవడం మంచిది.

ఇక నిబంధనల మాట. తన చేతులతో కట్టుకుని తానొక్కడే మునిగే వ్యక్తికీ, ఒక్కొక్కరి నుంచి రెండున్నర లక్షల డాలర్లు తీసుకుని ప్రయాణికులను ఎక్కించుకునే సంస్థకూ ఒకే కొలబద్ద కుదరదు. ఓషన్‌గేట్ మాత్రం ప్రయాణికులను ‘మిషన్ స్పెషలిస్టులు’గా పిలిచి ఆ తేడాను చెరిపేయజూసింది. పరిశోధన నౌక పేరుతో మినహాయింపులు పొందే వెసులుబాటును జలాంతర వాహనాలకు కుదించాలని, పర్యాటక, పరిశోధన ప్రయాణాలకు నిబంధనలను విస్తరించాలని కోస్ట్‌గార్డ్ మండలి సిఫార్సు చేసింది.