తగ్గిందని ఇన్‌హేలర్ మానేయకండి

"బాబుకి బాగానే ఉంది కదా అని నెల క్రితం ఇన్‌హేలర్ ఆపేశామండీ." అర్ధరాత్రి ఆయాసపడుతున్న బిడ్డను ఎత్తుకొచ్చే తల్లుల నోట మేము తరచుగా వినే మాట ఇది. ఇంకాస్త అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. "రోజూ వాడితే అలవాటైపోతుందని అందరూ భయపెట్టారండీ."

ఆ తల్లిని తప్పు పట్టలేము. కాని ఆ భయానికి మూల్యం చెల్లించేది బిడ్డ. అందుకే ఇంత గట్టిగా చెప్పవలసి వస్తోంది. ఉబ్బసానికి ఇన్‌హేలర్ ఆఖరి మందు కాదు, మొదటి మందు.

ఉబ్బసం ఉన్నవారి శ్వాసనాళాల లోపలి పొర, బాగున్నట్లు కనిపించే రోజుల్లో కూడా కొంత వాచి ఉండవచ్చు. జలుబు, దుమ్ము, కట్టెల పొయ్యి పొగ, బీడీ పొగ, దోమల చుట్ట పొగ తగిలితే నాళాలు బిగుసుకుని పిల్లికూతలు మొదలవుతాయి. సాల్బుటమాల్ ఆ బిగువును నిమిషాల్లో వదిలిస్తుంది. వాపును మాత్రం తగ్గించదు. వాపును తగ్గించేది బుడెసొనైడ్ వంటి నివారణ మందు. దాని పని రోజులు, వారాల మీద తెలుస్తుంది. 12 ఏళ్లు, ఆపై వయసు వారెవరూ సాల్బుటమాల్ ఒక్కదానితోనే నెట్టుకు రాకూడదని అంతర్జాతీయ 'గినా' మార్గదర్శకాలు 2019 నుండి చెబుతున్నాయి.

ఇక అలవాటు సంగతి. ఇది మత్తుమందు కాదు. బి.పి. ఉన్నవారు రోజూ మాత్ర వేసుకున్నట్లే ఇదీను. పైగా సాల్బుటమాల్ మాత్ర ఒకటి 4 మిల్లీగ్రాములైతే, ఇన్‌హేలర్ రెండుసార్లు నొక్కితే వచ్చేది 200 మైక్రోగ్రాములే, అంటే ఇరవయ్యో వంతు. మందు నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుంది కనుక అంత తక్కువ సరిపోతుంది. నివారణ మందు పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేస్తే నోటిపూత రాకుండా చూసుకోవచ్చు. ఉబ్బసం అదుపులో ఉంటే మోతాదు తగ్గించే మార్గం ఉంది. అయితే అది డాక్టరు నిర్ణయించాలి, పక్కింటివారు కాదు.

ఏటా మృగశిర కార్తెకు హైదరాబాదులో చేప మందు కోసం ఎంతోమంది వరుసల్లో నిలబడతారు. అది ఉబ్బసాన్ని నయం చేస్తుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు. వెళ్లాలా వద్దా అన్నది మీ ఇష్టం. వెళితే మాత్రం ఇన్‌హేలర్ జేబులో ఉండాలి, తిరిగి వచ్చాక కూడా ఆపకూడదు.

మా వైపు లోపమూ ఉంది. చీటీ రాసిచ్చి, పీల్చే పద్ధతి చూపకుండా పంపిస్తే మందు గొంతులోనే ఆగిపోతుంది. కాబట్టి ఈసారి వచ్చినప్పుడు ఇన్‌హేలర్ వెంట తెచ్చి, "నేను సరిగా పీలుస్తున్నానా?" అని మమ్మల్ని అడగండి. చిన్నపిల్లలకు స్పేసర్ తప్పనిసరిగా అడిగి తీసుకోండి.

ఆయాసంతో మాట పూర్తిగా రాకపోయినా, డొక్కలు లోపలికి పోతున్నా, పెదవులు నీలంగా మారినా తెల్లవారే దాకా ఆగవద్దు. సాల్బుటమాల్ పీలుస్తూనే వెంటనే ఆసుపత్రికి బయలుదేరండి.

ఆ తల్లి బిడ్డను అర్ధరాత్రి కాకుండా పగటిపూట, నవ్వుతూ పరీక్షకు తీసుకురావాలని మా కోరిక.