కొట్టివేయవచ్చు, చెరిపివేయరాదు

వైద్య విద్యార్థికి వార్డులో తొలినాళ్లలోనే చెప్పే నియమం ఒకటుంది. కేసు షీటులో పొరపాటు దొర్లితే దానిని చెరపరాదు, తెల్ల సిరా పూయరాదు, కాగితం చింపరాదు. పాత అక్షరాలు కనబడేటట్లు ఒక్క గీతతో కొట్టివేసి, పక్కన సరైనది రాసి, సంతకమూ తేదీ వేయాలి. ఆ కాగితం ఒక్కరి సొత్తు కాకపోవడమే ఇందుకు కారణం. పగటి వైద్యుడు రాసినదానిని నమ్మి రాత్రి నర్సు మందు ఇస్తారు. మర్నాడు మరొక వైద్యుడు దానిని బట్టే నిర్ణయం తీసుకుంటాడు.

ఇప్పుడు ఆ కాగితం తెర మీదికి చేరుతున్నది. 2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటా ఆరంభమైంది. పౌరునికి 14 అంకెల 'ఆభా' సంఖ్య ఇచ్చి, ఆరోగ్య వివరాలను దానితో ముడిపెట్టడం దాని ఉద్దేశం. మన ప్రాంతంలోనే, చిలకలూరిపేట సమీపాన లింగంగుంట్లలో 2023 ఏప్రిల్ 6న ఫ్యామిలీ డాక్టర్ విధానాన్ని ప్రారంభించారు. 104 వాహనం దగ్గర కొలిచిన రక్తపోటు, చక్కెర అంకెలు రిజిస్టరులో కాక కంప్యూటరులో చేరే కాలం వచ్చింది. ఇది స్వాగతించవలసిన మార్పే. అయితే కాగితంతో పాటు కాగితపు నియమం కూడా తెర మీదికి వచ్చిందా అన్నదే నా ప్రశ్న.

ఎవరికి నష్టం?

ఉమ్మడి ప్రకాశం జిల్లా పశ్చిమ మండలాల నుంచి మిరప కోతలకు గుంటూరు, పల్నాడు గ్రామాలకు వలస వచ్చే కుటుంబాలను తలచుకోండి. వారిలో క్షయకు మందులు వాడుతున్నవారు ఉంటారు, రక్తపోటు ఉన్నవారు ఉంటారు, గర్భిణులు ఉంటారు. సొంత ఊరిలోనైతే ఏఎన్ఎం వారిని ముఖం చూసి గుర్తుపడతారు. వలస వచ్చిన ఊరిలో వారిని గుర్తుపట్టగలిగింది ఆ నమోదు ఒక్కటే. అందులో నుంచి 'పెన్సిలిన్ పడదు' అన్న ఒక్క వరుస మాయమైతే ఏమవుతుంది? తప్పుగా రాసిన సంగతి కనీసం అనుమానం కలిగిస్తుంది. లేని సంగతి ఏ అనుమానమూ కలిగించదు. ఖాళీ గడిని చూసిన వైద్యుడు 'ఏ మందూ పడకపోవడం లేదు' అనే చదువుకుంటాడు. చెరిపివేతలోని అసలు ప్రమాదం ఇదే.

అనేకులు కలిసి వాడే పట్టికలలో ఈ ప్రమాదం ఇంకా పెద్దది. ఒకరు తన ఫోనులో ఒక వరుసను తీసివేస్తే అది అందరి ఫోన్లలోనూ పోతుంది. 'నా దగ్గరే కదా తీశాను' అనుకొనేవారు ఎందరో. ఒక్క నిలువు వరుసను మాత్రమే అక్షర క్రమంలోకి మార్చితే, ఒకరి పేరుకు ఎదురుగా మరొకరి రక్తపోటు వచ్చి కూర్చుంటుంది. అక్కడ ఏదీ పోయినట్లు కనబడదు గాని, పట్టిక మొత్తం పాడైనట్లే.

'ఖాయమేనా?' అని అడిగితే చాలదా?

చాలదు. మానవ దోషాలను అధ్యయనం చేసిన బ్రిటిష్ మనస్తత్వవేత్త జేమ్స్ రీజన్ వాటిని రెండు రకాలుగా విడదీశాడు. తెలియక తప్పు నిర్ణయం చేయడం ఒకటి. సరైన నిర్ణయమే చేసి చేయి జారడం రెండవది. ఈ రెండవది అనుభవం లేనివారి లక్షణం కాదు. చేయి అలవాటు పడినవారికే అది ఎక్కువగా జరుగుతుంది. రోజుకు వందసార్లు 'అవును' నొక్కిన వేలు నూటొకటవసారి చదవకుండానే నొక్కుతుంది. ఐసీయూలో రోజంతా మోగే గంటలకు చెవి మొద్దుబారడం వంటిదే ఇది.

నిపుణులు కూడా దీనికి అతీతులు కారు. ప్రపంచవ్యాప్తంగా సాఫ్ట్‌వేర్ నిర్మాతలు కలిసి పనిచేసుకొనే గిట్‌ల్యాబ్ సంస్థలో 2017 జనవరి 31న, రాత్రి పొద్దుపోయాక పనిచేస్తున్న ఇంజనీరు ఒక సర్వర్ అనుకొని మరొక సర్వర్‌లోని సమాచారాన్ని తొలగించాడు. క్షణాల్లో ఆపినా సుమారు ఆరు గంటల నమోదులు శాశ్వతంగా పోయాయి. శస్త్రచికిత్సలో కుడి కాలికి బదులు ఎడమ కాలు కోయడం ఎటువంటిదో ఇదీ అటువంటిదే. అందుకే మేము కోయవలసిన చోట ముందుగానే కలంతో గుర్తు పెడతాం.

వైద్యరంగం ఈ సమస్యకు ఒక మార్గం ఎన్నడో కనుగొన్నది. మత్తు యంత్రానికి అమర్చే చిన్న ఆక్సిజన్ సిలిండరు మెడ మీద రెండు రంధ్రాలు ఉంటాయి. నైట్రస్ ఆక్సైడ్ సిలిండరుకు అవి వేరే చోట ఉంటాయి. యంత్రంలోని మొనలు సరైన సిలిండరుకే సరిపోతాయి. 'జాగ్రత్త' అన్న బోర్డు కన్నా ఆ రెండు మొనలు ఎక్కువ ప్రాణాలు కాపాడతాయని నా నమ్మకం. మనిషిని జాగ్రత్తగా ఉండమనడం కన్నా, వస్తువునే జాగ్రత్తగా నిర్మించడం మేలు.

తెర ఎలా ఉండాలి?

1. 'తొలగించు' అంటే దాచడమే కావాలి. గూగుల్ డ్రైవ్‌లో తీసివేసిన ఫైలు 30 రోజులు చెత్తబుట్టలో ఉంటుంది. ఆరోగ్య నమోదుకు ఆ గడువు ఏమాత్రం చాలదు. వ్యక్తి జీవితకాలంలో అతని ఆరోగ్య నమోదులను నాశనం చేయరాదని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో ప్రకటించిన ప్రమాణాలే చెబుతున్నాయి.

2. ముందు ప్రశ్న కన్నా తరువాత వెనక్కి తీసుకొనే అవకాశం మేలు. ఒక సందేశాన్ని అందరి నుంచి తొలగించబోయి తన ఒక్కరి నుంచే తొలగించుకున్నవారికి, దానిని వెనక్కి తెచ్చుకోవడానికి వాట్సాప్ 2022 డిసెంబరులో ఐదు సెకన్ల గడువు ఇచ్చింది. చేయి జారిన సంగతి మనిషికి తెలిసేది జారిన తరువాతే.

3. అడగవలసి వస్తే వివరంగా అడగాలి. రోగి పేరు, వయస్సు, ఊరు చూపి, 'ఈ నమోదును మరో నలుగురు వాడుతున్నారు' అని తెలపాలి.

4. 'భద్రపరచు', 'తొలగించు' బొత్తాలు పక్కపక్కన ఉండరాదు. ఎండలో, ఒక చేత్తో ఫోను పట్టుకొని పనిచేసే ఆశా కార్యకర్తను దృష్టిలో పెట్టుకోవాలి.

5. ఒకే పేరు గల రెండు నమోదులను ఒకటిగా కలిపే అధికారం ఒక్కరికే ఉండరాదు. గుంటూరు కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలు బయటికి రావాలంటే బాండు చూపాలి, పుస్తకంలోకి ఎక్కాలి. మనిషి ఆరోగ్య చరిత్రకు ఆ మాత్రం కట్టుబాటు ఉండవద్దా?

6. ఎవరు, ఎప్పుడు, ఏమి మార్చారో నిలిచి ఉండాలి. ఇది శిక్షించడానికి కాదు, సరిదిద్దడానికి. శిక్ష భయం ఉన్నచోట పొరపాటు జరిగినవారు దానిని దాచిపెడతారు.

'ఏదీ చెరిగిపోకపోతే మా గోప్యత మాటేమిటి?' అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం తన సమాచారాన్ని తొలగించమని కోరే హక్కును వ్యక్తికి ఇచ్చింది. ఆ కోరికకు వేరే ద్వారం ఉండాలి: దరఖాస్తు, పరిశీలన, గడువు. యజమాని కోరి చేయించే తొలగింపు వేరు, డేటా ఎంట్రీ ఆపరేటరు వేలు జారి జరిగే తొలగింపు వేరు.

ఏదైనా నమోదు పోయినప్పుడు మన కార్యాలయాల్లో మొదట వినిపించే ప్రశ్న 'ఎవరు చేశారు?' అని. దానికి ముందు 'ఒక్క వేలి తాకిడికి పోయేటట్లు దీనిని ఎవరు నిర్మించారు, ఎవరు ఆమోదించారు?' అని అడగాలి. సాఫ్ట్‌వేర్‌ను స్వీకరించే ముందు పై ఆరు అంశాలను ఏఎన్ఎంల చేతనే పరీక్షింపజేయమని ఆరోగ్య శాఖ అధికారులకు నా విన్నపం.

పాఠకులకు ఒక మాట. తెర ఎంత మంచిదైనా, మీకు పడని మందుల పేర్లు, వాడుతున్న మందులు, పాత ఆపరేషన్ల వివరాలు ఒక కాగితం మీద రాసి దగ్గర ఉంచుకోండి. పిల్లల టీకా కార్డు పారవేయకండి. వైద్యుని వద్దకు వెళ్లినప్పుడు 'నా గురించి అందులో ఏముందో ఒకసారి చదివి వినిపించండి' అని అడగండి. పోయిన వరుస పోయినట్లు గుర్తించగలిగేది చాలాసార్లు రోగి ఒక్కరే.