జైలు పోయింది, మీటరైనా చూడండి

జార్ఖండ్ రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అధ్యక్షులకు,

2024లో నీటి కాలుష్య నివారణ చట్టానికి జరిగిన సవరణ గురించి మీకు చెప్పేదేముంది? చాలా ఉల్లంఘనలకు జైలు శిక్ష తీసేసి 10 వేల నుంచి 15 లక్షల రూపాయల జరిమానా పెట్టారు. సువర్ణరేఖ, ఖర్కాయి కలిసే ఈ టాటానగర్‌లో ఆ 15 లక్షలు ఎవరిని భయపెడతాయి? రోజుకు టన్ను సీఓడీ (సేంద్రియ మలినాల భారాన్ని చెప్పే కొలత) ఉన్న ఫ్యాక్టరీ నీటిని గాలి ఊది శుద్ధి చేయడానికి సుమారు వెయ్యి యూనిట్ల కరెంటు కావాలి. యూనిట్ ఏడు రూపాయలనుకున్నా ఏడాదికి పాతిక లక్షలు దాటుతుంది. రాత్రిపూట ఆ గాలి ఊదే బ్లోయర్లు కట్టేస్తే ఎంత మిగులుతుందో యజమానికి వేరే చెప్పాలా? ఉల్లంఘన కొనసాగితే రోజుకు 10 వేలు అదనం కదా అంటారు. పట్టుకునేవాళ్లుంటే నిజమే. రాత్రి తనిఖీకి వచ్చేదెవరు?

అదే నీటిని గాలి తగలని రియాక్టర్లో మీథేన్ పుట్టించే సూక్ష్మజీవులకు అప్పగిస్తే లెక్క తిరగబడుతుంది. తొలగిన ప్రతి కిలో సీఓడీకి సిద్ధాంతరీత్యా 0.35 ఘనపు మీటర్ల మీథేన్ వస్తుంది. నెదర్లాండ్స్‌లో శాస్త్రవేత్త లెట్టింగా బృందం 1970ల్లోనే ఇలాంటి యూఏఎస్‌బీ రియాక్టర్‌ను రూపొందించింది. మన డిస్టిలరీలు ఈ తరహా గ్యాస్‌ను బాయిలర్లలో మండించుకుంటున్నాయి. కరెంటు తినే ప్లాంటును ఆపితే లాభం, ఇంధనమిచ్చేదాన్ని ఆపితే నష్టం. తనిఖీ అధికారి చేయలేని పని ఆ నష్టభయం చేస్తుంది.

ఇది అన్నిచోట్లా కుదరదని మీ ఇంజనీర్లు అంటారు, సరిగ్గానే అంటారు. కోక్ ఓవెన్ నీటిలోని ఫినాల్, సైనైడ్ మీథేన్ జీవులను దెబ్బతీస్తాయి. బయటికి వదిలే లీటరు నీటిలో సైనైడ్ 0.2 మిల్లీగ్రాములు మించకూడదంటే అక్కడ గాలి ఊదక తప్పదు, కరెంటు ఖర్చూ తప్పదు. లోహపు పూత (ప్లేటింగ్) పనుల నీటిలోని లోహాలకైతే ఎక్కువగా రసాయనాలే దిక్కు. అందుకే అందరికీ ఒకటే మందు అడగడం లేదు. సేంద్రియ పదార్థం దండిగా ఉన్న నీటికి, మురుగు బురదకు గ్యాస్ రాబట్టడం అనుమతి షరతుల్లో ఎందుకుండకూడదు? గాలే ఊదాల్సిన చోట బ్లోయర్లకు విడి మీటరు ఎందుకు పెట్టించరు? ఆన్‌లైన్ సెన్సార్లున్నాయిగా అనకండి. సెన్సార్ చూసేది తన ముందుకొచ్చిన నీటినే. బ్లోయర్ రాత్రంతా తిరిగిందో లేదో మీటరు చెబుతుంది. ఆ రీడింగులు నెలనెలా జనం ముందు పెట్టండి. పెట్టలేమంటే, అడ్డు ఎవరో అదైనా చెప్పండి.

ఇట్లు,
టాటానగర్ తెలుగు పౌరుడు