రాచకన్య – ఎర్ర గులాబి

రాచకుటుంబాల ప్రేమనవలలు అసభ్యత లేనందువల్లనే చదువరులకు నచ్చుతాయని కొందరంటారు. అదొక్కటే చాలునంటే పంచాంగమూ నిర్మల గ్రంథమే! 1894లో వెలువడిన ఆంథొనీ హోప్ ఆంగ్ల నవల ‘ది ప్రిజనర్ ఆఫ్ జెండా’ను పరిశీలిస్తే అసలు కారణం బోధపడుతుంది. రురిటేనియా అనేది కల్పిత రాజ్యం. పట్టాభిషేకం నాడు ఆ దేశపు రాజు మత్తుమందు ప్రభావంతో స్పృహ కోల్పోగా, అతనిని పోలిన ఆంగ్లేయుడు రుడాల్ఫ్ మారుగా కిరీటం ధరిస్తాడు. రాజుకు కాబోయే భార్య ఫ్లేవియా, రుడాల్ఫ్ పరస్పరం అనురక్తులవుతారు. ఇంతలో రాజు జెండా కోటలో బందీ అవుతాడు. అతడు మరణిస్తే సింహాసనమూ, ఫ్లేవియా కూడా తనకే దక్కే అవకాశమున్నా, రుడాల్ఫ్ ప్రాణాలకు తెగించి అతనిని విడిపిస్తాడు. ఫ్లేవియా రాజ్యధర్మానికి కట్టుబడి రాజునే వివాహమాడుతుంది. ఆపై వారిద్దరి మధ్య మిగిలింది ఏడాదికొకసారి పంపుకొనే ఎర్ర గులాబి మాత్రమే.

నలోపాఖ్యానం తెలిసిన తెలుగువారికి ఈ వేదన కొత్తది కాదు. తాను వలచిన దమయంతి వద్దకే నలుడు దేవతల దూతగా వెళ్ళవలసి వచ్చింది. ఇచ్చిన మాట అటువంటిది.

సామాన్యురాలు ప్రేమించినవాని వెంట వెళితే ఒక ఇల్లు దుఃఖిస్తుంది. రాచకన్య వెళితే ఒక రాజ్యమే తల్లడిల్లుతుంది. ఈ కథలలో అంతఃపురానికి గల ప్రయోజనం ఇదే. చివరి పుటలో పేదపిల్ల రాజపుత్రిక అని తేలిపోయే నవలలు ఈ చిక్కును సులువుగా దాటవేస్తాయి. ఫ్లేవియాకు ఆ వెసులుబాటు లేదు.