సమాధుల తోటలో పలికిన సత్యము



కొన్నేళ్ల క్రితం క్రిస్మస్ ఆరాధనకు మా మందిరానికి ఒక నాయకుడు వచ్చారు. శాలువా కప్పాము, దండ వేశాము, కేకు కోయించాము, మైకు చేతికిచ్చాము. ఆయన పావుగంట మాట్లాడి, మందిరానికి రంగులు వేయిస్తానని, ఎన్నికలప్పుడు తనను మరచిపోవద్దని చెప్పారు. సంఘమంతా చప్పట్లు కొట్టింది. నేను ఆయన కోసం నిండు మనస్సుతో ప్రార్థన చేశాను.

కారు వెళ్లిపోయాక ఒక మామ్మ నా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, సమాధుల తోట సంగతి అడగలేదేమండి?" అంది. మా సమాధుల తోటలో సగం నేల ఎవరో దున్నుకొని సాగు చేసుకొంటున్నారు. వాళ్లు ఆ నాయకుడి మనుషులేనని ఊరందరికీ తెలుసు. ఆ మామ్మ భర్త సమాధి నాగటిచాలులో కలిసిపోయింది. "పండుగ పూట ఆ గొడవ ఎందుకు మామ్మా? మనకు రాజకీయాలు వద్దు" అన్నాను. ఆమె మారుమాట్లాడకుండా వెళ్లిపోయింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రాజకీయాలు వద్దన్న నేనే ఆ ఉదయం రాజకీయానికి మైకు ఇచ్చాను గదా! నేను విడిచిపెట్టినది రాజకీయాలను కాదు, ఆ మామ్మను.

ఆ రాత్రి నాకు జ్ఞాపకం వచ్చిన ఒక కాపరి జీవితాన్ని ఈ నెల మీ ముందుంచుతున్నాను. ఆయన బిషపు కాదు, పేరుపొందిన పండితుడు కాదు. జర్మనీ దేశంలో మనలాగే పల్లెటూరి సంఘాలను కాచిన పాల్ ష్నైడర్. ఆయన 1897లో ఒక కాపరి ఇంట పుట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా పనిచేశారు. చదువు ముగిశాక కొంతకాలం కొలిమి కార్మికులతో కలిసి కూలిపని చేశారు. 1926లో తండ్రి కాచిన సంఘానికే కాపరి అయ్యారు. ఆయనకు భార్య మార్గరెటె, ఆరుగురు పిల్లలు.

1933లో హిట్లర్ అధికారంలోకి వచ్చినప్పుడు జర్మనీలో చాలామంది క్రైస్తవులు సంతోషించారు. దేశం బాగుపడుతుందని ష్నైడర్ గారు కూడా మొదట ఆశపడ్డారు. అయితే ఆ ఏడే పాలకుల మాట దేవుని మందిరంలోకి వచ్చింది. యూదుల వంశంలో పుట్టినవారు కాపరులుగా ఉండకూడదనే నియమాన్ని ప్రష్యా ప్రాంతపు సంఘ మహాసభ ఆమోదించింది. బాప్తిస్మము కన్నా రక్తసంబంధమే గొప్పదని సంఘమే ఒప్పుకొన్నట్టయింది! దీనిని ఎదిరించినవారు 1934 మే నెలలో బార్మెన్ అనే పట్టణంలో కూడి, సంఘానికి యేసుక్రీస్తు ఒక్కడే ప్రభువని, మరే నాయకునికీ ఆ స్థానము లేదని ఆరు అంశాలతో ప్రకటించారు.

ఆ వసంతంలోనే ష్నైడర్ గారు డికెన్‌షీడ్, వోమ్‌రాత్ అనే రెండు గ్రామ సంఘాలకు మారారు. జూన్ నెలలో హిట్లర్ యువజన దళానికి చెందిన ఒక బాలుడు చనిపోగా, భూస్థాపన ఆయన జరిపించారు. సమాధి దగ్గర పార్టీ నాయకుడు లేచి, ఆ బాలుడు పరలోకంలో ఉన్న తమ పార్టీ వీరుని దళంలో చేరాడని ప్రసంగించాడు. పరలోకంలో అలాంటి దళం ఉన్నట్టు తనకు తెలియదని, ఈ బిడ్డను దేవుడే తన రాజ్యంలో చేర్చుకొనును గాక అని ష్నైడర్ గారు అక్కడికక్కడే చెప్పారు. ఆ నాయకుడు మళ్లీ అదే మాట అన్నాడు. ఇది సంఘము జరిపే ఆరాధన, ఇక్కడ దేవుని వాక్యానికి విరుద్ధమైనది పలకనివ్వనని కాపరి మళ్లీ ఖండించారు. మరునాడే అరెస్టు చేశారు.

గమనించండి. ఆయన సభలు పెట్టలేదు, ఊరేగింపు తీయలేదు. సమాధి దగ్గర దుఃఖిస్తున్న తల్లిదండ్రులకు అబద్ధపు ఓదార్పు ఇవ్వనివ్వలేదు. కాపరి ప్రతివారం చేసే పనే చేశారు. అధికారం తన హద్దు దాటి ఆ పనిలోకి వచ్చింది గనుక, మామూలు పనే ఎదురు మాట అయింది.

ఇటువంటి విశ్వాసాన్ని కొందరు అభ్యుదయ క్రైస్తవ్యము అంటారు. ఆ మాట వింటేనే మనవాళ్లలో కొందరు భయపడతారు, బైబిలును పక్కన పెట్టినవారి కొత్త బోధ అనుకొంటారు. కాని ష్నైడర్ గారు పాతకాలపు కాపరి. పిల్లలకు ప్రశ్నోత్తరములు కంఠతా నేర్పించి, ఇల్లిల్లూ తిరిగేవారు. 1937లో పార్టీ అండతో సంఘ క్రమాన్ని ధిక్కరించిన సభ్యులపై సంఘ పెద్దలతో కలిసి క్రమశిక్షణ చేపట్టారు. అందుకే మళ్లీ జైలులో వేశారు. విడిచిపెట్టేటప్పుడు, మీ సంఘాలున్న ప్రాంతంలో అడుగు పెట్టకూడదని ఉత్తర్వు ఇచ్చారు. ఆయన కొంతకాలం దూరంగా ఉన్నారు. కాని మందను తనకు అప్పగించినవాడు ప్రభువు గాని పోలీసువారు కారు అని తేల్చుకొని, 1937 అక్టోబరు 3న కోత పండుగ ఆరాధనకు తిరిగి వచ్చారు. మార్గరెటె అమ్మగారు ఆ నిర్ణయంలో తోడుగా ఉన్నారు. డికెన్‌షీడ్‌లో వాక్యము చెప్పి రెండవ గ్రామానికి వెళ్తుండగా పట్టుకొన్నారు.

నవంబరులో ఆయనను బుకెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరానికి తరలించారు. 1938 ఏప్రిల్ 20న, హిట్లర్ పుట్టినరోజున, ఖైదీలందరూ టోపీలు తీసి పార్టీ జెండాకు వందనము చేయాలన్నారు. ఆయన చేయలేదు. కొరడాలతో కొట్టి ఒంటరి గదిలో వేశారు. ఏడాదికి పైగా అక్కడే ఉండి, ఖైదీలు వరుసలో నిలబడే వేళ కిటికీ కమ్ములు పట్టుకొని పునరుత్థానుడైన క్రీస్తును ప్రకటించేవారు, అక్కడి హత్యలను పేరుపెట్టి ఖండించేవారు. రెండు మాటలు పూర్తి కాకముందే దెబ్బలు పడేవి. ఇక తన సంఘాలకు వెళ్లనని సంతకం చేస్తే విడుదల దొరికేది, కాని చేయలేదు. 1939 జూలై 18న శిబిరపు వైద్యశాలలో మందు అధికమోతాదులో ఎక్కించి చంపారు. డికెన్‌షీడ్ సమాధుల తోటలో జరిగిన భూస్థాపనకు పోలీసుల నిఘా మధ్యనే ఎందరో కాపరులు, విశ్వాసులు వచ్చారు.

మరి రోమా 13వ అధ్యాయము మాటేమిటని మీరడుగుతారు. అధికారులకు లోబడమని పౌలు వ్రాసిన మాట నిజమే. అదే అధ్యాయము నాలుగవ వచనములో, అధికారి మన మేలు కొరకు ఉన్న దేవుని పరిచారకుడని కూడా వ్రాశాడు. పరిచారకుడు యజమాని పని పాడుచేస్తే అడగకూడదా? నాబోతు ద్రాక్షతోటను రాజు కాజేసినప్పుడు ఏలీయా ఆ తోటలోకే వెళ్లి అహాబును నిలదీశాడు. హేరోదు తప్పును యోహాను హేరోదుకే చెప్పాడు. దూషించడం వేరు, ఎదుట నిలిచి సత్యము చెప్పడం వేరు. అధికారి కోసం ప్రార్థన చేసిన నోటితోనే ఆయనకు సత్యము కూడా చెప్పాలి.

ఇంకొక సంగతి దాచకూడదు. బార్మెన్ ప్రకటన యూదుల బాధను గూర్చి ఒక్క మాట పలకలేదు. 1938 నవంబరులో యూదుల సమాజమందిరములు తగలబడుతుంటే సంఘాలు చాలావరకు మౌనంగా ఉన్నాయి. యుద్ధము ముగిశాక, 1945 అక్టోబరులో, తాము ఇంకా ధైర్యంగా సాక్ష్యమివ్వలేదని జర్మనీ సంఘ నాయకులు స్టట్‌గార్ట్‌లో ఒప్పుకొన్నారు. మన గోడకు పగులు వస్తే కేకవేసి, పొరుగువాని ఇల్లు కూలితే ఊరకుండడం సాక్ష్యము కాదు.

మా సంగతికి వస్తాను. ఆ తరువాతి వారమే సంఘ పెద్దలము, ఆ మామ్మతో కలిసి, తహసీల్దారు గారికి అర్జీ పెట్టాము. ఆ తోట దున్నేవారి పొలాల్లో కూలికి వెళ్లే రెండు కుటుంబాలను ఇక పనికి రావద్దన్నారు. మాట నాది, నష్టము వారిది! అప్పుడు నాకు తెలిసింది, కాపరి ఒక్కడే ధైర్యంగా ఉంటే చాలదని. సంఘమంతా ఇంటికింత బియ్యము తెచ్చి ఆ రెండు ఇళ్లను నిలబెట్టింది. చివరకు సర్వేయరు వచ్చి ఒక పక్క హద్దురాళ్లు వేశారు. రెండవ పక్క ఇంకా తేలలేదు. మందిరానికి రంగులు రాలేదు. కాని ఆ మామ్మ సమస్త ఆత్మల పండుగ నాడు తన భర్తను పెట్టిన చోట కొవ్వొత్తి వెలిగించింది.

ప్రియులారా, ష్నైడర్ గారికి లేనివి మనకున్నాయి. ఓటు ఉంది, గ్రామసభ ఉంది, అర్జీ పెట్టే హక్కు ఉంది. ఏ పార్టీకీ సంఘాన్ని అమ్మవద్దు. ఏ నాయకునికీ ప్రసంగ వేదికను అప్పగించవద్దు. ఇంటికి వచ్చిన నాయకునికి మంచినీళ్లిచ్చి గౌరవించండి, ఆ మీదట అడగవలసినది అడగండి.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో 1 రాజులు 21వ అధ్యాయము చదివి, మన ఊరిలో నాబోతు ఎవరో పిల్లలతో కలిసి ఆలోచించండి.

ప్రార్థన: ప్రభువా, మా పాలకులకు న్యాయమైన మనస్సు దయచేయుము. మాటాడవలసిన చోట మౌనముగా ఉన్న మా పాపమును క్షమించుము. దిక్కులేనివారి పక్షమున ప్రేమతోను ధైర్యముతోను పలుకునట్లు మా నోళ్లు తెరువుము. ఆమేన్.